ముందు ఊరు పట్టుకోండి

మనీలాలో ఏ వీధిలో నడిచినా దుకాణాల మీద, డాక్టర్ల బోర్డుల మీద రేయెస్, సాంతోస్, గార్సియా, మెండోసా, రామోస్ అన్న పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఇలాంటి పేరున్న ఫిలిపినో ఇళ్లలో చాలాచోట్ల ఒక కథ వినిపిస్తుంది: మన ముత్తాతల్లో ఒకాయన స్పెయిన్ నుంచి ఓడెక్కి వచ్చాడు, పేరు చూస్తే తెలియడం లేదూ అని. ఆ కథ నిజమే కావచ్చు. ఇంటిపేరు మాత్రం దానికి సాక్ష్యం చెప్పదు. ఫిలిపినో, స్పానిష్ మూలాలు వెతకడానికి కూర్చున్నవారు అన్నిటికంటే ముందు వదులుకోవలసిన నమ్మకం ఇదే.

1849 నవంబరు 21న గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటిదాకా ద్వీపవాసుల్లో ఎక్కువమందికి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేరు లేదు. జ్ఞానస్నానం నాడు ఒక పునీతుడి పేరో, దె లా క్రూస్, దె లోస్ సాంతోస్ లాంటి భక్తి పేరో తగిలించుకునేవారు. ఒకే తల్లి పిల్లలకు వేర్వేరు పేర్లు ఉండేవి, సంబంధం లేని వాళ్లకు ఒకే పేరు ఉండేది. పన్ను ఎవరు కట్టారో, ఎవరు ఎగ్గొట్టి పక్క ఊరికి పోయారో తేల్చడం అధికారులకు సాధ్యమయ్యేది కాదు. అందుకని దాదాపు 61 వేల పేర్లతో ఒక జాబితా పుస్తకం అచ్చువేయించారు. అందులో స్పెయిన్ ఇంటిపేర్లున్నాయి, స్థానిక భాషల మాటలున్నాయి, చెట్ల పేర్లు, ఖనిజాల పేర్లు, ఊళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఆ పుస్తకం పేజీలను రాష్ట్రాలకు, అక్కడి నుంచి ఊళ్లకు పంచారు. ఊళ్లోని కుటుంబాలు తమకు అందిన పేజీల్లోంచి పేరు తీసుకున్నాయి. నాలుగు తరాలుగా ఒకే పేరు వాడుతున్నామని రుజువు చేసుకున్నవారికి పాతపేరే ఉంచుకునే వీలిచ్చారు. అయితే దె లా క్రూస్ లాంటి మరీ సాధారణమైన పేర్లకు ఆ వీలు లేదు.

బికోల్ ప్రాంతంలో అల్బాయ్ రాష్ట్రం ఉంది. అక్కడ ఓవాస్ అనే ఊళ్లో పాత కుటుంబాల ఇంటిపేర్లు ఈనాటికీ 'ఆర్' అక్షరంతో మొదలవుతాయి. ఆ ఊరికి అందిన పేజీలు ఆ అక్షరానివి, అంతే కారణం. కాబట్టి ఆర్‌తో మొదలయ్యే స్పానిష్ పేరున్న బికోల్ కుటుంబానికి ఆ పేరు మాడ్రిడ్ దారి చూపించదు, ఓవాస్ లాంటి ఒక ఊరి దారి చూపిస్తుంది. నా దృష్టిలో అది చాలా పెద్ద సాయం. ఎందుకంటే ఈ వెతుకులాట అంతా ఊరి మీదే ఆధారపడి ఉంటుంది. ఊరు తెలిస్తే చర్చి తెలుస్తుంది. చర్చి తెలిస్తే రిజిస్టర్లు దొరుకుతాయి. ఊరు తెలియకుండా ఒట్టి పేరుతో ఎన్ని వెబ్‌సైట్లు గాలించినా వేలమంది హువాన్ రేయెస్‌లు ఎదురవుతారు, వారిలో మీ హువాన్ ఎవరో చెప్పేవాళ్లుండరు.

ఈ పుస్తకం చదివే తెలుగువారికి ఈ అధ్యాయం ఎందుకు అనిపించవచ్చు. కాలిఫోర్నియాలో, గల్ఫ్‌లో, సింగపూర్‌లో ఉన్న తెలుగు ఇళ్లకు ఫిలిపినో కోడళ్లు, అల్లుళ్లు వస్తున్నారు. అలాంటి ఇంటి పిల్లలకు నాన్న వైపు తాతయ్య గోత్రంతో సహా ఏడు తరాలు అప్పజెబుతాడు. అమ్మ వైపు అడిగితే "ఫిలిపినో, కొంచెం స్పానిష్" అన్న రెండు మాటలతో ఆగిపోతుంది. ఆ పిల్లలకు రెండు వైపులా సమానమైన గౌరవంతో చెప్పగలగాలి. పైగా మనలో చాలామంది ఇంటిపేరులోనే ఊరు మోసుకు తిరుగుతాం. అందువల్ల పేరు పట్టుకుని మూలానికి పోవడం మనకు సహజంగా తోస్తుంది. అదే అలవాటుతో ఫిలిప్పీన్స్ పేరు చూసి స్పెయిన్‌కు దూకేస్తాం. ఆ దూకుడును ఆపుకోవడమే ఈ పనిలో మొదటి సాధన.

మొదలుపెట్టవలసింది బతికున్న పెద్దవాళ్లతో. ఫిలిపినో ఇళ్లలో తాతను లోలో, అమ్మమ్మను నాయనమ్మను లోలా అంటారు. లోలా దగ్గర కూర్చుని "మనం స్పానిషా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు కథ వస్తుంది, సమాచారం రాదు. చిన్నప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారో అడగండి. ఇలొకానో, సెబువానో, ఇలొంగో, కాపంపాంగన్, బికోల్, వీటిలో ఏదని తెలిసినా దేశంలో ఏ భాగమో తేలిపోతుంది. చవకానో అంటే సాంబోవాంగా వైపో, మనీలా దగ్గరి కవీతే వైపో చూడాలి. ఆ భాష స్పానిష్ సైనిక స్థావరాల చుట్టూ పుట్టింది కాబట్టి అక్కడ స్పానిష్ లేదా మెక్సికన్ రక్తసంబంధం ఉండే అవకాశం మిగతా చోట్ల కంటే ఎక్కువ. ఊరి పండుగ ఏ నెలలో, ఏ పునీతుడి పేరిట చేసేవారో అడగండి. ఊరి పేరు మరచిపోయినవాళ్లకు కూడా పండుగ గుర్తుంటుంది, ఆ పునీతుడి పేరే చర్చి పేరవుతుంది. జ్ఞాన తల్లిదండ్రులు ఎవరు, పెళ్లికి ఎవరు వచ్చారు, నవంబరు 1న ఏ శ్మశానానికి వెళ్లి దీపాలు పెట్టేవారు, ఇవి అడగండి. ముద్దుపేర్లు కూడా రాసుకోండి. బేబీ, బాయ్, నెనె అని డెబ్బై ఏళ్లు పిలిచిన మనిషి అసలు పేరు కాగితం మీద కనిపించినప్పుడు ఇంట్లో వాళ్లే గుర్తుపట్టరు.

పేర్ల వరుస గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ వంశవృక్షాలు విరిగేది ఇక్కడే. ఈనాటి ఫిలిప్పీన్స్ పద్ధతిలో సొంత పేరు ముందు, తల్లి పుట్టింటిపేరు మధ్యలో, తండ్రి ఇంటిపేరు చివర వస్తాయి. స్పెయిన్ పద్ధతిలో తండ్రి పేరు ముందు, తల్లి పేరు చివర. స్పానిష్ కాలపు కాగితంలో హువాన్ రేయెస్ ఇ సాంతోస్ అని ఉన్న మనిషి అమెరికా పాలన వచ్చాక హువాన్ సాంతోస్ రేయెస్ అవుతాడు. ఓడ దిగిన రేవులో గుమస్తా చివరిమాటే ఇంటిపేరు అనుకుని, స్పెయిన్ వరుసలో పేరు చెప్పినవాణ్ని సాంతోస్ కింద రాసేస్తాడు. కాబట్టి ప్రతి మనిషినీ రెండు పేర్ల కింద వెతకాలి. ఈ పద్ధతిలో ఒక గొప్ప మేలుంది. మధ్యపేరు పుణ్యమా అని ప్రతి తరంలోనూ తల్లి వైపు జాడ కాగితం మీద నిలుస్తుంది. పెళ్లయిన స్త్రీ కూడా పుట్టింటిపేరును మధ్యపేరుగా ఉంచుకుంటుంది. మన వంశవృక్షాల్లో ఆడవాళ్ల పుట్టింటి ఊరు ఎంత తొందరగా మాసిపోతుందో తెలిసినవాళ్లు దీని విలువ గుర్తిస్తారు.

ఇక కాగితాలు. ఫిలిప్పీన్స్‌లో జనన, వివాహ, మరణాల నమోదుకు ఈనాటి చట్టం 1931 ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. వాటి నకళ్లు ఫిలిప్పీన్ స్టాటిస్టిక్స్ అథారిటీ దగ్గర అడగాలి. అక్కడ లేదని ధ్రువపత్రం ఇస్తే పని అయిపోయిందనుకోకండి. ఊరి మునిసిపల్ రిజిస్ట్రార్ దగ్గర అసలు పుస్తకం ఉండే అవకాశం ఉంది. అందుకే మళ్లీ చెబుతున్నాను, ఊరు కావాలి.

వలస వెళ్లిన కుటుంబమైతే వలస కాగితాల్లోనే ఊరు దొరకవచ్చు. హవాయి కథ దీనికి మంచి ఉదాహరణ. చెరకు తోటల యజమానుల సంఘం కూలీల కోసం ఫిలిప్పీన్స్ వైపు తిరిగింది. 1906 డిసెంబరు 20న డోరిక్ అనే ఓడలో మొదటి 15 మంది హోనలూలూలో దిగారు. ఆ తరవాత 1946 దాకా లక్షకు పైగా వెళ్లారు, మొదట్లో విసాయన్ దీవుల నుంచి, తరవాత ఎక్కువగా ఇలోకోస్ నుంచి. వీరిని సకాడాలు అంటారు. తోటల రికార్డులు హవాయి విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. అమెరికా జనగణన కాగితాలు 72 ఏళ్ల తరవాత అందరికీ తెరుస్తారు, 1950 నాటివి 2022లో తెరిచారు. వాటిలో పుట్టిన దేశం ఉంటుంది, ఊరు ఉండదు. ఊరు దొరికే చోటు సైనిక నమోదు కార్డులు. రెండు ప్రపంచయుద్ధాల కాలంలోనూ తగిన వయసున్న మగవాళ్లు వాటిని నింపారు. పుట్టిన చోటు, దగ్గరి మనిషి పేరు వాటిలో కనిపిస్తాయి. ఒక్కోసారి గుమస్తా "పి.ఐ." అని రెండక్షరాలు రాసి వదిలేస్తాడు, ఫిలిప్పీన్ ఐలాండ్స్ అని. అప్పుడు ఆ మనిషిని వదిలి అతని అన్నదమ్ముల, బావమరుదుల, ఒకే గదిలో ఉన్న స్నేహితుల కార్డులు చూడాలి. ఒక ఊరివాళ్లు ఒకచోట చేరడం వలసలో సర్వసాధారణం. వాళ్లలో ఒక్కడి ఊరు దొరికినా మీ మనిషి ఊరు ఊహించి చూసుకోవచ్చు.

అమెరికా పౌరసత్వ పత్రాల కోసం వెతికి దొరకలేదని దిగులుపడేవారున్నారు. 1934 దాకా ఫిలిపినోలు అమెరికా పాలన కింది జనంగా వచ్చారు, విదేశీయులుగా రాలేదు. ఆ ఏడాది టైడింగ్స్–మెక్‌డఫీ చట్టం వలసను ఏడాదికి 50 మందికి కుదించింది. సైన్యంలో, నౌకాదళంలో పనిచేసిన కొద్దిమందిని మినహాయిస్తే, పౌరసత్వం తీసుకునే హక్కు 1946లో లూస్–సెల్లర్ చట్టంతోనే వచ్చింది. అందుకని 1920ల్లో వెళ్లిన తాత పౌరసత్వ కాగితం 1946 తరవాతి సంవత్సరాల్లో వెతకాలి. నౌకాదళంలో వంటవాడిగానో సహాయకుడిగానో చేరినవాడైతే సెయింట్ లూయిస్‌లోని సిబ్బంది రికార్డుల కేంద్రానికి రాయాలి.

పెళ్లి కాగితం దొరకని జంటల సంగతి ఇంకా బాధాకరం. కాలిఫోర్నియాలో తెల్లవాళ్లకూ ఇతరులకూ మధ్య పెళ్లిని నిషేధించే చట్టం ఉండేది. అందులో ఫిలిపినోలు వస్తారా రారా అన్న రోల్డాన్ కేసులో 1933లో కోర్టు రారని చెప్పింది. వెంటనే అదే ఏడాది శాసనసభ చట్టాన్ని మార్చి వాళ్లనూ చేర్చింది. 1948లో పెరెజ్ కేసు తీర్పు ఆ చట్టాన్ని కొట్టేసేదాకా పదిహేనేళ్లు ఫిలిపినో మగవాడు, స్పానిష్ కుటుంబం పిల్ల ఆ రాష్ట్రంలో చట్టప్రకారం పెళ్లాడే వీలు లేకపోయింది. చాలామంది న్యూ మెక్సికోకో, వాషింగ్టన్ రాష్ట్రానికో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. కాబట్టి 1933కూ 1948కీ మధ్య పెళ్లి కాగితం కాలిఫోర్నియాలో కనిపించకపోతే, పెళ్లే జరగలేదని ఎవరూ తీర్మానించకూడదు. ఆ రాష్ట్రాల కౌంటీ కార్యాలయాలకు ఉత్తరాలు రాయండి. పెద్దవాళ్లు చెప్పని విషయాల వెనక ఇలాంటి చట్టాలు ఎన్నిసార్లు ఉంటాయో!

స్పానిష్ వైపుకు రెండో ద్వారం కూడా హవాయిలోనే ఉంది. దీన్ని ఎక్కువమంది గమనించరు. 1907లో హీలియోపోలిస్ అనే ఓడ స్పెయిన్ దక్షిణాన ఉన్న మాలగా రేవు నుంచి కూలీ కుటుంబాలను హవాయికి తీసుకెళ్లింది. 1913 దాకా మరికొన్ని ఓడలు వెళ్లాయి. మొత్తం దాదాపు 8 వేలమంది, ఎక్కువమంది అందలూసియా పల్లెల పేదలు. కొన్నేళ్లకే వాళ్లలో చాలామంది కాలిఫోర్నియా పండ్లతోటలకు తరలిపోయారు. అంటే హవాయిలోనో కాలిఫోర్నియాలోనో ఒక కుటుంబానికి "ఫిలిపినో తాత, స్పానిష్ నాయనమ్మ" ఉంటే, ఆ స్పానిష్ రక్తానికీ మూడు వందల ఏళ్ల వలసపాలనకూ ఏ సంబంధమూ ఉండకపోవచ్చు. ఇద్దరూ ఒకే చెరకుతోటలో పనిచేసిన కూలీల బిడ్డలు కావచ్చు. రాజప్రతినిధి వంశమని చెప్పుకున్న కథ స్థానంలో ఇద్దరు శ్రమజీవుల కథ వస్తుంది. నాకైతే ఈ రెండో కథే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. పైగా దీన్ని నిరూపించడమూ సులువు. స్పెయిన్‌లో పౌర నమోదు 1871లో మొదలైంది. ఆ తరవాత పుట్టినవాళ్ల పూర్తి జనన నకలు అడిగితే తల్లిదండ్రులతో పాటు నలుగురు తాతామామ్మల పేర్లు కూడా వస్తాయి. ఒక్క కాగితంతో రెండు తరాలు వెనక్కి వెళ్లవచ్చు. ఓడ జాబితాలో పల్లె పేరు దొరికితే చాలు.

ఫిలిప్పీన్స్‌కు తిరిగి వద్దాం. 1931కి ముందు ఎక్కువచోట్ల మనకు దిక్కు చర్చి రిజిస్టర్లే. ట్రెంట్ సభ 1563లో వివాహాలను, జ్ఞానస్నానాలను పుస్తకంలో రాయాలని ఆదేశించింది. స్పానిష్ గురువులు ద్వీపాలకు ఆ అలవాటు తెచ్చారు. చాలా ఊళ్ల పుస్తకాలను ఫ్యామిలీసెర్చ్ సంస్థ మైక్రోఫిల్మ్ తీసింది, ఆ చిత్రాలెన్నో ఉచితంగా ఇంట్లోనే చూడవచ్చు. పేరు కొట్టి వెతికే పెట్టెను నమ్ముకోకండి. సూచిక చేయని పేజీలు ఎన్నో ఉన్నాయి. ఊరి పేరుతో పుస్తకం తెరిచి, సంవత్సరం పట్టుకుని, పేజీ పేజీ తిప్పాలి. చేతిరాత మొదటి వారం భయపెడుతుంది, తరవాత ఆ గురువు చేయి అలవాటవుతుంది. భాషా పాండిత్యం అక్కర్లేదు. ప్రతి నమోదూ ఒకే మూసలో ఉంటుంది: తేదీ, బిడ్డ వయసు ఎన్ని రోజులు, పేరు, తల్లిదండ్రులు, వాళ్లు ఏ బారంగాయ్ (పన్ను వసూలు కోసం చేసిన కుటుంబాల గుంపు) పెద్ద కింద ఉన్నారు, జ్ఞాన తండ్రి లేదా తల్లి ఎవరు, గురువు సంతకం. 19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి కొన్ని ఊళ్లలో తాతామామ్మల పేర్లు కూడా రాశారు. కొత్తవాళ్లు పొరబడే మాట ఒకటి ఉంది. "నాతురాల్ దె" తరవాత ఊరి పేరుంటే ఆ ఊళ్లో పుట్టినవాడని. "ఇహో నాతురాల్" అంటే పెళ్లికాని తల్లిదండ్రుల బిడ్డ అని. ఈ రెంటినీ కలిపేసుకుని కుటుంబాల్లో లేనిపోని నిందలు పుట్టించినవారున్నారు.

అసలు కష్టం 1849 దగ్గర వస్తుంది. అప్పటిదాకా ఒక పేరుతో ఉన్న కుటుంబం ఉన్నట్టుండి మాయమై, అదే ఊళ్లో కొత్త పేరుతో మరో కుటుంబం వెలుస్తుంది. ఈ గట్టు దాటడానికి ఓపిక కావాలి, ఉపాయం మాత్రం చాలా సూటిగా ఉంటుంది. కొత్త పేరున్న దంపతుల సొంత పేర్లు తీసుకోండి, హువాన్, మారియా అనుకుందాం. 1840 నుంచి 1855 దాకా ఆ ఊళ్లో హువాన్, మారియా దంపతులకు పుట్టిన పిల్లలందరినీ ఒక కాగితం మీద వరసగా రాయండి. అలాంటి జంటలు నాలుగైదు ఉంటాయి. ఇప్పుడు బారంగాయ్ పెద్ద పేరు చూడండి. పన్ను వసూలు కోసం ప్రతి కుటుంబమూ ఒక పెద్ద కింద ఉండేది, అది తరచూ మారేది కాదు. ఒకే పెద్ద కింద ఉన్న జంటలు ఒకటో రెండో మిగులుతాయి. ఆపైన జ్ఞాన తల్లిదండ్రులను చూడండి. 1846 బిడ్డకూ 1852 బిడ్డకూ ఒకే మనిషి నిలబడితే మీ అనుమానం బలపడుతుంది. పిల్లల మధ్య ఎడం రెండు మూడేళ్లు చొప్పున, 1849కి అటూ ఇటూ తెగకుండా సాగితే ఇంకా బలపడుతుంది. చివరగా ఆ పిల్లల్లో ఒకరి పెళ్లి నమోదో, తల్లి మరణ నమోదో చూడండి. గురువు పాత పేరును, కొత్త పేరును పక్కపక్కన రాసిన సందర్భాలు కనిపిస్తాయి. ఈ నాలుగూ కలిస్తే రాసుకోవచ్చు. రెండే కలిస్తే పెన్సిల్‌తో రాసుకోండి.

తేదీల విషయంలో ఒక చిన్న హెచ్చరిక. ఫిలిప్పీన్స్‌లో 1844 డిసెంబరు 31 అనే రోజే లేదు. డిసెంబరు 30 తరవాత నేరుగా 1845 జనవరి 1 వచ్చింది. మెక్సికో వైపు నుంచి పాలన సాగిన రోజుల్లో ద్వీపాలు అమెరికా ఖండం తేదీనే వాడేవి. ఇరుగుపొరుగు ఆసియాతో కలవడానికి ఒక రోజు వదిలేశారు. ఆ ఉత్తర్వు ఇచ్చినది కూడా క్లావెరియాయే. అంతకుముందు మనీలా తేదీ, మకావు తేదీ ఒక రోజు తేడాగా ఉంటే గుమస్తా తప్పనుకోకండి. రాష్ట్రాల పేర్లు కూడా మారాయి. ఈనాటి కెసోన్ 1946 దాకా తయాబాస్. రిసాల్ రాష్ట్రం 1901లో ఏర్పడింది, అంతకుముందు ఆ ఊళ్లు మనీలా రాష్ట్రంలోనూ మొరోంగ్‌లోనూ ఉండేవి.

కొన్ని ఊళ్లకు పుస్తకాలే మిగలలేదు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనీలా కోసం జరిగిన యుద్ధంలో లక్షమంది దాకా పౌరులు చనిపోయారు. పాత కోట నగరం ఇంట్రమూరోస్ నేలమట్టమైంది, దాని చర్చిల్లో సాన్ అగుస్తీన్ ఒక్కటే నిలిచింది. అక్కడి కుటుంబాల కాగితాలు అక్కడే కాలిపోయాయి. అప్పుడు ఫిలిప్పీన్స్ జాతీయ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. స్పానిష్ కాలపు పత్రాలు అక్కడ కోటికి పైగా ఉన్నాయి. ఊరి జనాభా జాబితాలు, భూమి తగాదాలు, ఊరి పెద్ద ఎన్నికల కాగితాలు, నోటరీల దస్తావేజులు, చైనీయుల నమోదు పుస్తకాలు అందులో ఉన్నాయి. పన్ను జాబితాలు చదివేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోండి. స్థానికులకు, చైనా సంకరజాతి మెస్తిసోలకు, చైనీయులకు వేర్వేరు పన్నులు ఉండేవి. స్పానియార్డులకూ స్పానిష్ మెస్తిసోలకూ ఆ కప్పం లేదు. కాబట్టి మీ పూర్వీకుడు స్థానికుల పన్ను జాబితాలో ఏటా కనిపిస్తుంటే, ఆ కాలపు అధికారుల లెక్కలో ఆయన స్పానిష్ వంశస్థుడు కాడు.

చైనా మాట వచ్చింది కాబట్టి ఆగి చెప్పాలి. స్పానిష్ మూలం కోసం వెతికేవారికి చైనా మూలం ఎదురుపడటం చాలా మామూలు. ఫిలిప్పీన్స్ జాతీయ వీరుడు హోసె రిసాల్‌నే చూడండి. 1861 జూన్ 19న కలంబాలో పుట్టాడు. తండ్రి వైపు మూలపురుషుడు దోమింగో లామ్-కో, ఫూజియన్ నుంచి వచ్చి క్రైస్తవం తీసుకున్న చైనీయుడు. ఆ కుటుంబం మెర్కాదో అన్న పేరు పెట్టుకుంది. 1849 తరవాత రిసాల్ అన్నది తోడైంది. అంటే దేశమంతా తలచుకునే ఆ పేరు ఒక పరిపాలనా ఉత్తర్వు వెంట వచ్చినది. కొహువాంకో అన్న పేరు కూడా ఒక చైనా వలసదారుడి పూర్తి పేరును స్పానిష్ చెవితో విని ఒక్కటిగా రాసినదే. ఆ ఇంటి ఆడపడుచు, దేశాధ్యక్షురాలు కొరసోన్ అకీనో 1988లో ఫూజియన్‌లోని హొంగ్‌జియన్ గ్రామానికి వెళ్లి పూర్వీకులకు నమస్కరించింది. ఇంటిపేరు "కో"తో ముగిస్తే ఆ వైపు చూడటం మరవకండి.

మరి నిజంగానే స్పానిష్ పూర్వీకుడు ఉంటే? ఆయన ఎక్కడివాడో తొందరపడి తేల్చకండి. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ మెక్సికోలోని అకపుల్కోకూ మధ్య నావలు నడిచాయి. మనీలాకు వచ్చిన సైనికుల్లో ఎందరో మెక్సికోలో పుట్టినవాళ్లు. 1869లో సూయజ్ కాలువ తెరిచాకే స్పెయిన్ నుంచి నేరుగా రావడం సులువై, రాకపోకలు పెరిగాయి. అందువల్ల 1700ల నాటి "స్పానియార్డు" కోసం మెక్సికో జాతీయ ఆర్కైవ్స్‌ను, సెవిల్‌లో 1785లో ఏర్పడిన ఇండీస్ ఆర్కైవ్స్‌ను చూడాలి. 1870ల తరవాతి అధికారి కోసం మాడ్రిడ్ వైపు, సైనికాధికారి అయితే సెగోవియాలోని సైనిక ఆర్కైవ్స్ వైపు వెళ్లాలి. స్పెయిన్ ప్రభుత్వ ఆర్కైవ్స్‌లోని ఎన్నో పత్రాలు పారెస్ అనే పోర్టల్‌లో డబ్బు కట్టకుండానే కనిపిస్తాయి.

ఇక "మా ముత్తాత ఒక స్పానిష్ సన్యాసి" అన్న కథ. ఇది ఎన్ని ఇళ్లలో ఉందో! రిసాల్ 1887లో అచ్చువేసిన నోలి మే తాంహెరే నవలలో మారియా క్లారా ఒక సన్యాసి కూతురు, అంటే ఆనాటికే అందరికీ తెలిసిన బాధ అది. అయితే జ్ఞానస్నానం పుస్తకంలో ఇలాంటి బిడ్డ పక్కన దాదాపు ఎప్పుడూ "తండ్రి తెలియదు" అనే ఉంటుంది. ఆ చోట ఊళ్లో అప్పుడున్న గురువు పేరు ఊహించి రాయడం అన్యాయం. ఇంట్లో చెప్పుకున్న మాటను "ఫలానా వారు ఫలానా ఏట చెప్పారు" అని విడిగా రాయండి. తండ్రి గడి ఖాళీగా ఉంచండి. తల్లి పేరు, ఆమె తల్లిదండ్రుల పేర్లు, ఆమె ఊరు పూర్తిగా రాయండి. ఆమె ఒక్కతే బిడ్డను చర్చికి తెచ్చింది, ఆ రోజు పక్కన నిలబడిన జ్ఞానతల్లి ఎవరో కూడా రాయండి. ఆ స్త్రీ గురించి దొరికే ప్రతి అక్షరమూ ఆ కుటుంబానికి చెందినదే.

డీఎన్ఏ పరీక్ష చివరికి ఉంచాను, కారణం ఉంది. కాగితాలు లేకుండా అది చెప్పేది కొంచెమే. తాతామామ్మల్లో ఒక్కొక్కరి నుంచి దాదాపు 25 శాతం, వాళ్ల తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరి నుంచి సుమారు 12.5 శాతం వస్తుంది. అలా సగం సగం తగ్గుతూ పోయి, ఏడెనిమిది తరాల వెనకటి ఒక పూర్వీకుడి నుంచి మనకు ఏమీ అందకపోయే అవకాశమూ ఉంది. అందువల్ల స్పెయిన్ శాతం సున్నా వస్తే 1720 నాటి స్పానియార్డు లేడని కాదు. 20 శాతం వస్తే మాత్రం తాతల తరంలోనో ముత్తాతల తరంలోనో ఒకరు ఉండే అవకాశం ఎక్కువ, కాగితం వెతకండి. 2021లో వెలువడిన విస్తృత జన్యు అధ్యయనం ఫిలిపినోల్లో యూరప్ పాలు మొత్తం మీద తక్కువేనని, బికోల్, చవకానో ప్రజల్లో దాని జాడ ఉందని చూపింది. క్లావెరియా పుస్తకం గురించి మనం చెప్పుకున్నదానికి అది సరిపోతుంది. పరీక్షలో నిజంగా పనికొచ్చేది దేశాల పటం కంటే బంధువుల జాబితా. దూరపు దాయాది ఒకరు కనిపిస్తే వాళ్ల ఊరు అడగండి.

ఫలితంలో కొన్ని శాతాలు దక్షిణాసియా అని వచ్చినా కంగారుపడకండి. 1762లో ఈస్టిండియా కంపెనీ సేన మదరాసు నుంచి బయలుదేరి మనీలాను పట్టుకుంది. 1764లో వాళ్లు వెళ్లిపోయినప్పుడు కొందరు సిపాయిలు వెనక్కి రాలేదు. మనీలాకు తూర్పున కైంతా ఊళ్లో స్థానిక స్త్రీలను పెళ్లాడి ఉండిపోయారు. కైంతా మూలాలున్న ఇంటికి తెలుగు అల్లుడు వెళ్తే, ఆ రెండు కుటుంబాల పూర్వీకులు ఒకే తీరం నుంచి వచ్చినవాళ్లు కావడం అసాధ్యమేమీ కాదు.

దొరికినది దొరికినట్టు ఎలా భద్రపరచాలో చెప్పి ముగిస్తాను. ప్రతి మనిషికి ఒక పేజీ పెట్టండి. పైన పేరు రెండు వరుసల్లోనూ, ఫిలిప్పీన్స్ పద్ధతిలో ఒకసారి, కాగితంలో ఉన్నట్టు ఒకసారి. కింద ఊరు, ఆనాటి రాష్ట్రం పేరు, ఈనాటి రాష్ట్రం పేరు. దాని కింద ప్రతి వాక్యం పక్కన అది ఏ పుస్తకంలో, ఏ పేజీలో ఉందో రాయండి. పెద్దవాళ్లు చెప్పినది వేరే రంగులో రాయండి. పాత ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తో పేర్లు రాయండి, ఇంకు పడితే ముందువైపుకు ఊరుతుంది. నకళ్లు ఒకరి ఇంట్లోనే ఉంచకుండా కనీసం మూడు దేశాల్లో ఉన్న బంధువులకు పంపండి. ముందు లోలాకు ఫోన్ చేసి, ఊరి పండుగ ఏ నెలలో వచ్చేదో అడగండి.